నల్లా నీళ్లా, క్యాన్ నీళ్లా, ఆర్వోనా? మా ఇంట్లో అన్నీ తాగి చూశాక రాస్తున్న రివ్యూ

పూర్తిగా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తా. హైదరాబాద్‌లో వాటర్ బోర్డు నల్లా ఉండి, ఆ నీళ్లు బోరు నీళ్లతోనో ట్యాంకర్ నీళ్లతోనో కలవకుండా వంటింటి దాకా వచ్చే ఇల్లయితే, తాగడానికి ఆ నీళ్లే అన్నిటికంటే నయం. మామూలు యూవీ ఫిల్టర్ (అతినీలలోహిత దీపంతో సూక్ష్మజీవుల్ని చంపేది) పెట్టుకోండి, లేదంటే మరిగించుకోండి. గల్లీ ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్‌కి నేనిచ్చేది చివరి ర్యాంకు. ఆర్వో మెషీన్ (నీళ్లలో కరిగిన లవణాల్ని కూడా తీసేసేది) అవసరమైన ఇళ్లు నిజంగానే ఉన్నాయి, కానీ కృష్ణా నీళ్లొచ్చే ఇంట్లో ఆర్వో పెట్టడమంటే డబ్బులూ నీళ్లూ రెండూ మోరీలో పోసుకోవడమే.

మేం ఉండేది వనస్థలిపురంలో, అపార్ట్‌మెంట్‌లో. మా వైపు వచ్చేవి కృష్ణా నీళ్లు. నాగార్జున సాగర్ వెనక నీళ్లని అక్కంపల్లి రిజర్వాయర్‌కి ఎత్తి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, అక్కణ్నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తోసి సాహెబ్‌నగర్ దాకా తెస్తారు. కోదండాపూర్ మొదటి ఫేజ్ 2004లో మొదలైంది, తర్వాత ఇంకో రెండు ఫేజులు వచ్చాయి. నగరంలో అటు పక్క వాళ్లకి మంజీరా, సింగూరు, గోదావరి నీళ్లు వెళ్తాయి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదలరని పాతవాళ్లు అంటారు గానీ, ఇప్పుడు నగరం తాగేదాంట్లో గండిపేట వాటా చాలా చిన్నది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "నల్లా నీళ్లు" అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లకి ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో, దారిలో వాటికి ఏం చేస్తున్నారో తెలీదు. అదే క్యాన్ నీళ్లయితే సందు చివర రేకుల షెడ్డులో బోరు నుంచి తోడినవైనా సరే, మూతకి ప్లాస్టిక్ కవర్ ఉంటే నమ్మేస్తారు.

నల్లా నీళ్ల మీద అందరూ చేసే ఫిర్యాదు క్లోరిన్ వాసన. నాకైతే ఆ వాసన వచ్చిన రోజే ధైర్యంగా ఉంటుంది. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్లు ఇంటి నల్లా దగ్గరికి చేరేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పైపు దారిలో ఎక్కడైనా మురికి చేరినా చంపడానికి ఎంతో కొంత మిగలాలన్నమాట. బోర్డు లైన్‌మెన్ చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కల మందు వేసి, పసుపు రంగు వచ్చిందా లేదా అని చూసేది ఈ క్లోరిన్ కోసమే. ఆ చుక్కల మందు కిట్ మనం కూడా కొనుక్కోవచ్చు, ఖరీదు తక్కువే. వాసన నచ్చకపోతే బిందెలో పట్టి మూత తీసి కొన్ని గంటలు ఉంచితే చాలావరకు పోతుంది, కార్బన్ ఫిల్టర్ అయితే వెంటనే లాగేస్తుంది.

ఇక అసలు తలనొప్పి మన బిల్డింగ్ లోపలే. బోర్డు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చి సంపులో పడతాయి. ఎండాకాలం నీళ్లు చాలకపోతే అదే సంపులోకి ట్యాంకర్ వదులుతారు, కొన్ని అపార్ట్‌మెంట్లలో బోరు పైపు కూడా అందులోకే. అక్కణ్నుంచి మోటారుతో పై ట్యాంకుకి, పై ట్యాంకు నుంచి మన సింకు దాకా. ఆ సంపు మూత సగం విరిగి ఉంటుంది, పక్కనే కార్లు కడిగిన నీళ్లు పారుతుంటాయి, బొద్దింకల సంగతి ఎత్తకపోవడమే మంచిది. అక్కడి నీళ్లు తాగి "గవర్నమెంటు నీళ్లు ఇంతే" అంటే ఏం న్యాయం? మా బిల్డింగ్ కట్టినప్పుడే పుణ్యాత్ములెవరో తాగే నీళ్లకి వేరే సంపు, వేరే చిన్న ట్యాంకు, వంటింట్లో వేరే నల్లా పెట్టించారు. చాలా అపార్ట్‌మెంట్లలో ఈ రెండో నల్లా ఉంటుంది, అద్దెకొచ్చినవాళ్లకి అది దేనికో కూడా తెలీదు, దాంతోనే గిన్నెలు కడుగుతుంటారు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు పార్కింగ్ గురించి అడిగినట్టే ఈ నల్లా గురించి కూడా అడగండి.

టీడీఎస్ మీటర్ ఆన్‌లైన్‌లో కొని మా నీళ్లన్నీ చూశాం. టీడీఎస్ అంటే లీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క. కృష్ణా నల్లా మూడొందల చుట్టుపక్కల, బోరు వెయ్యి దగ్గర, క్యాన్ నీళ్లు యాభై లోపు. ఐఎస్ 10500లో టీడీఎస్‌కి కోరదగిన హద్దు 500, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే నల్లా నీళ్లకి ఆ లెక్కలో ఏ లోటూ లేదు. ఇంకో సంగతి, ఈ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందన్నది మాత్రమే, దాన్నిబట్టి కరిగిన లవణాల అంకె చూపిస్తుంది. బ్యాక్టీరియా ఉందో లేదో దానికి తెలీదు. డ్రైనేజీ నీళ్లు కాస్త కలిసినా ఆ అంకె పెద్దగా కదలదు. "మా క్యాన్ నీళ్ల టీడీఎస్ 40 అక్కా, బేఫికర్‌గా తాగండి" అని ప్లాంటు అబ్బాయి చెప్తే, లవణాలు తక్కువని అర్థం చేసుకోండి చాలు, శుభ్రమని కాదు.

అలాగని నల్లా తిప్పి నేరుగా గ్లాసులో పట్టుకుని తాగమని నేను చెప్పను. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి జనం ప్రాణాలు పోయాయి. 2018లో గుంటూరులో అతిసారం పాకినప్పుడూ నీళ్లే కారణం. ఇలా ఎందుకవుతుందంటే, మన ఊళ్లలో పైపుల్లో నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉండవు. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి కన్నం ఉన్నా నీళ్లు బయటికే కారతాయి. ఆపేశాక పైపు ఖాళీ అయి, పక్కనే డ్రైనేజీ లైన్ పోతుంటే ఆ కన్నంలోంచి మురుగుని లోపలికి లాగుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే ముందుగా వచ్చేది ఆ మురికే. అందుకే మేం నల్లా వచ్చిన మొదటి పది నిమిషాల నీళ్లు మొక్కలకీ వాకిలి కడగడానికీ వదిలేస్తాం. రంగు మారినా వాసన తేడాగా ఉన్నా ఆ రోజు ఆ నీళ్లు తాగం, బోర్డు నంబర్ 155313కి ఫోన్ చేస్తాం. ఫోన్ చేస్తే ఏమవుతుందని నవ్వేవాళ్లు ఉంటారు గానీ, మా గల్లీకి మనిషి వచ్చి చూసి వెళ్లిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు క్యాన్ గురించి. ఏళ్ల తరబడి మా ఇంట్లోనూ అదే. ఫోన్ చేస్తే అబ్బాయి భుజం మీద మోసుకొచ్చి డిస్పెన్సర్ మీద బోర్లించి వెళ్తాడు, లిఫ్ట్ పనిచేయకపోతే పైన ఐదో పదో. క్యాన్ ముప్పై రూపాయలు. రుచి బాగుంటుంది, అంటే రుచే ఉండదు, తేలిగ్గా, కొంచెం తియ్యగా గొంతులోంచి జారిపోతుంది. ఈ రుచికి అలవాటు పడ్డ పిల్లలు ఊరెళ్తే అక్కడి నీళ్లు "ఉప్పగా ఉన్నాయి" అని ముఖం తిప్పుకుంటారు. సౌకర్యానికి నూటికి తొంభై ఇస్తా.

శుభ్రత దగ్గరే పేచీ. ప్లాంటులో ఆర్వో నుంచి బయటికొచ్చినప్పుడు నీళ్లు బాగానే ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ లాంటి కాపలా ఏదీ మిగలదు, ఆ తర్వాత ఎక్కడ మురికి చేరినా అడ్డుకునేది లేదు. చేరడానికి చోట్లకేం తక్కువ? క్యాన్ ఎన్ని ఇళ్లు తిరిగొచ్చిందో తెలీదు, మా ఇంటికొచ్చిన వాటిలో కొన్ని గీతలు పడి పాలరంగుకి తిరిగి ఉండేవి, అడుగున పచ్చటి పాచి మరక కనిపించినవీ ఉన్నాయి. ఎండలో ఆటో వెనక గంటలకొద్దీ తిరిగితే పాచి పట్టక ఏమవుతుంది. ప్లాంటుకి వెళ్లి చూస్తే, క్యాన్ లోపల కాసిన్ని నీళ్లు తిప్పి పారబోసి మళ్లీ నింపుతున్నారు, అదే కడగడం. ఇంటికొచ్చాక డిస్పెన్సర్ సంగతి మనకే తెలుసు, దాని నల్లా లోపల వేలు పెట్టి చూస్తే జిగురు.

ఆ అనుమానం తీర్చుకోవడానికి హెచ్‌టూఎస్ టెస్ట్ బాటిళ్లు తెప్పించాను. పల్లెల్లో తాగునీళ్లు చూడ్డానికి వాడేవే ఇవి. చిన్న సీసాలో మందు ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో కలుషితమైన నీళ్లలో ఉండే బ్యాక్టీరియా ఉంటే నీళ్లు నల్లగా మారతాయి. ల్యాబ్ టెస్టుకి సాటి రాదు గానీ ఇంట్లో చేసుకునేవాటిలో పనికొచ్చేది ఇదే. బోర్డు నల్లా నీళ్లని సంపులో పడకముందే పట్టి పోస్తే రంగు మారలేదు. బిల్డింగ్ పెద్ద ట్యాంకు నీళ్లు నల్లబడ్డాయి, అది ఊహించిందే. డిస్పెన్సర్ నుంచి పట్టిన క్యాన్ నీళ్లూ నల్లబడ్డాయి. కొత్త క్యాన్ మూత తీసి నేరుగా పోసి ఇంకోసారి చూస్తే మళ్లీ నలుపే. ఆ మాట సప్లై చేసేవాళ్లతో చెప్తే, "అక్కా, ఏరియా మొత్తం మా నీళ్లే తాగుతోంది, ఎవరూ ఏం అనలేదు" అన్నారు. మా ఇంట్లో క్యాన్ ఆగింది అక్కడే.

క్యానే కావాలనుకునేవాళ్లు లేబుల్ చూసి తీసుకోండి. ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్‌కి ఐఎస్ 14543 అని వేరే ప్రమాణం ఉంది. లేబుల్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబర్ పద్నాలుగు అంకెలు, బ్యాచ్ నంబర్, నింపిన తేదీ, తయారీదారు అడ్రస్ ఉండాలి. ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్న నిబంధనని 2024 అక్టోబర్‌లో తీసేశారు, కొన్ని వారాలకే ప్యాకేజ్డ్ నీళ్లని హై రిస్క్ ఆహారాల జాబితాలో చేర్చి తనిఖీలు పెంచుతామన్నారు. మార్కు ఉంటే ఇప్పటికీ మంచిదే. కాకపోతే మన గల్లీల్లో తిరిగే ముప్పై రూపాయల క్యాన్‌కి ఈ గొడవేదీ లేదు, మూత మీద పువ్వు బొమ్మా, "ప్యూర్ వాటర్" అన్న అక్షరాలూ తప్ప. పెద్ద కంపెనీల సీల్డ్ క్యాన్ మూడు నాలుగు రెట్ల ధర, అది వేరే సంగతి.

ఇక ఆర్వో మెషీన్ అమ్మడానికి ఇంటికొచ్చేవాళ్ల ప్రదర్శన గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. రెండు గ్లాసులు తెమ్మంటారు. ఒకదాంట్లో మన నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్లు తెచ్చిన ఆర్వో నీళ్లు. నాలుగు లోహపు కడ్డీలున్న చిన్న పెట్టెని రెండిట్లో ముంచి ప్లగ్ పెడతారు. నిమిషం తిరక్కుండానే మన నీళ్లు తుప్పు రంగుకి తిరిగి, పైన నురగ, అడుగున బురద. వాళ్ల నీళ్లు తేటగా అలాగే. "చూశారా మేడమ్, పిల్లలకి ఇన్నాళ్లూ తాగిస్తున్నది ఇదీ" అని ఒక చూపు చూస్తారు. పక్కింటివాళ్లు ఆ చూపుకే చెక్కు రాసిచ్చారు.

ఆ బురద మన నీళ్లలోది కాదు, ఆ కడ్డీలది. ఇనుప కడ్డీల్లోకి కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పు అయి నీళ్లలో కలుస్తుంది. మన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు ఉన్నాయి కాబట్టి కరెంటు పారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ, కరెంటు పెద్దగా పారదు, ఇనుము పెద్దగా కరగదు, అంతే కథ. మా ఇంటికొచ్చినాయన ఈ ముచ్చటంతా చేసి చూపించాక, ఆయన తెచ్చిన నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ప్లగ్ పెట్టమన్నాను. పెట్టనన్నాడు. బతిమాలాక పెట్టాడు, మా నీళ్లకంటే ఎక్కువ తుప్పు తేలింది. టీ తాగి వెళ్లాడు పాపం, మంచివాడే, కంపెనీ నేర్పింది చేస్తున్నాడు.

అయితే ఆర్వో అంటేనే మోసం అనేవాళ్లతో కూడా నాకు పడదు. మా అత్తగారి ఊరు మునుగోడు వైపు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. తాగునీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5. అది దాటిన నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే పళ్లు గారపట్టడంతో మొదలై ఎముకలు వంకరపోయేదాకా పోతుంది. నల్లగొండ జిల్లాలో ఆ మనుషుల్ని చూసినవాళ్లకి వేరే వివరం అక్కర్లేదు. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. యూవీకి అది లొంగదు, గుడ్డలో వడగడితే అసలే పోదు. పటికా సున్నమూ బ్లీచింగ్ పౌడరూ కలిపి తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరీ సంస్థవాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్, జిల్లాకి దక్కిన కీర్తి చూడండి. అలాంటి బోరు తప్ప గతిలేని చోట ఆర్వో పెట్టుకోవాల్సిందే, దాన్ని వేళకి సర్వీసు చేయించుకోవాల్సిందే. ఇప్పుడు ఊళ్లోకి మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి కాబట్టి మా అత్తయ్యకి నేను చెప్పేది ఒకటే, బోరు నీళ్లు బట్టలకి, భగీరథ నీళ్లు తాగడానికి. ఆవిడేమో "అవి మందు వాసన వస్తయి" అని ప్లాంటు నుంచే బిందె తెప్పించుకుంటుంది. ఈ వాసన గొడవ నగరంలోనే కాదు, పల్లెలోనూ అంతే.

కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లొచ్చే ఇంట్లో మాత్రం ఆర్వో అనవసరం. ఇళ్లలో వాడే మామూలు మెషీన్ లీటరు మంచినీళ్లిచ్చి దాదాపు మూడు లీటర్లు బయటికి పారేస్తుంది. అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లని సింకులోకి వదలడమన్నమాట. టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్వో నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. అయినా మన షాపుల్లో ఆర్వో లేని ఫిల్టర్ అడిగితే "అది పాత మోడల్ మేడమ్" అంటారు, స్టాకు ఉండదు, ఉన్నా మూలన దుమ్ము పట్టి ఉంటుంది. మేం తిరిగి తిరిగి చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. మట్టి ఆపే ఫిల్టర్, కార్బన్, యూవీ దీపం, ఇంతే ఉంటుంది అందులో. నీళ్లు వృథా కావు. తేటనీళ్లలోనే యూవీ పనిచేస్తుంది కాబట్టి ముందున్న ఫిల్టర్ వేళకి మార్చాలి. కరెంటు పోతే పనిచేయదు, అప్పుడు స్టవ్ మీద మరిగించడమే, బాగా కళపెళ మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. పట్టిన నీళ్లని మూతున్న స్టీలు డబ్బాలో పోసి, కిందున్న కుళాయితో పట్టుకుంటాం. చెంబు ముంచితే వేళ్లు మునుగుతాయి, అప్పుడు చేసిన పనంతా దండగ.

డబ్బుల లెక్క చూస్తే, రోజు విడిచి రోజు క్యాన్ చొప్పున మాకు నెలకి నాలుగొందల యాభై అయ్యేది. యూవీ ఫిల్టర్ కొన్న ఖర్చు రెండేళ్లు తిరక్కుండానే వచ్చేస్తుంది, ఆ తర్వాత ఏడాదికోసారి దీపం, ఫిల్టర్ల ఖర్చు. నల్లా నీళ్లు 2021లో మొదలైన పథకం కింద ఇంటికి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం, మీటర్ ఉండాలి. నలుగురున్న ఇంట్లో లీటరు బాటిళ్లే కొని తాగితే రోజుకి నూట అరవై రూపాయల దాకా, ఆ మాట ఇంక వదిలేద్దాం.

బాటిల్ మేం ప్రయాణాల్లోనే కొంటాం. రైల్లో అయితే రైల్ నీర్, లీటరు పదిహేను ఉండేది, 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గాక పద్నాలుగు చేశారు. స్టేషన్‌లో ఇరవై నోటు ఇస్తే చిల్లర లేదంటారు, అడిగి తీసుకోండి. ఎప్పుడైనా సీల్ తిప్పినప్పుడు చిటుక్కుమనాలి. "మినరల్ వాటర్" అని మనం పిలిచేవాటిలో చాలావరకు శుద్ధి చేసిన మామూలు నీళ్లే, అసలు సహజ మినరల్ వాటర్‌కి ఐఎస్ 13428 అని వేరే ప్రమాణం, దాని ధర కూడా వేరే. కారులో ఎండకి మాగిన బాటిల్ మాత్రం తాగబుద్ధి కాదు. 2024లో అమెరికాలో మూడు బ్రాండ్ల బాటిల్ నీళ్లు పరీక్షించి లీటరుకి సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ రేణువులు లెక్కపెట్టారు. దాంతో ఒంటికి ఏమవుతుందో ఇంకా తేలలేదు, అందుకని భయపెట్టను, నేనైతే స్టీలు బాటిలే బ్యాగులో పెట్టుకుంటా.

తాగే నీళ్లకి వేరే లైన్ లేని అపార్ట్‌మెంట్ మీదైతే, యూవీ కొనేముందు కమిటీ వాళ్లతో సంపు కడిగించండి, మూత బిగించండి, ట్యాంకర్ పైపు తాగే సంపులో పడకుండా చూడండి. ఆ ఖర్చు ఫ్లాట్ల మీద పంచితే ఒక్కొక్కరికి పడేది తక్కువే. కమిటీ వినకపోతే, బోరు కలిసిన నీళ్ల టీడీఎస్ ఎక్కువుంటే, అప్పుడు ఆర్వో పెట్టుకున్నా నేనేం అనను. పారబోసే నీళ్లని బకెట్‌లో పట్టి బాత్రూమ్ కడగడానికి వాడుకోండి.

కృష్ణా పైప్‌లైన్‌కి రిపేరు వచ్చి ఒకటిన్నర రోజు నల్లా బంద్ అని బోర్డు ప్రకటన ఇచ్చినప్పుడు మాత్రం మేం కూడా క్యానే తెప్పిస్తాం, కాకపోతే తేదీ, లైసెన్స్ నంబర్ ఉన్న సీల్డ్‌ది. ఖాళీ క్యాన్ డిపాజిట్ నూట యాభై రూపాయలు ఇంకా ఆ షాపులోనే ఉంది, వెనక్కి తీసుకోలేదు.